బ్రాట్‌వుర్స్ట్ డైరీ: పగిలేది గ్రిల్ మీద, పాడయ్యేది వంటింట్లో

జర్మనీలోని ట్యూరింగెన్ రాష్ట్రం పద్ధతి రోస్ట్‌బ్రాట్‌వుర్స్ట్‌ను (పేగులో నింపిన పంది ఖీమా సాసేజ్) మాంసం దగ్గర్నుంచి మొదలుపెట్టి ఇంట్లో తయారుచేసి బొగ్గు మీద కాల్చడం ఈ ప్రాజెక్టు. మేముండే ఆ రాష్ట్ర రాజధాని ఎర్ఫుర్ట్‌లో వీధి బండి దగ్గర కూడా మంచిదే దొరుకుతుంది కాబట్టి, అవసరం కొద్దీ చేస్తున్న పని కాదిది. చేసి చూడాలనుకునేవాళ్ళు చివర్లో ఉన్న కొలతలు నేరుగా తీసుకోవచ్చు. కానీ పాడైన విడతల గురించి కూడా చదివితే కొంత మాంసమైనా వృథా కాకుండా ఉంటుంది.

మొదలుపెట్టే ముందు అద్దె ఒప్పందం చూసుకోండి. మా ఒప్పందంలో బాల్కనీలో బొగ్గు గ్రిల్ పెట్టకూడదని ఉంది, చాలామందికి అలాగే ఉంటుంది. ఊరి చివర తోటల కాలనీలో మాకు తెలిసిన విజయవాడ అన్నయ్యకి ఒక తోట ఉంది. 47 సెంటీమీటర్ల గుండ్రటి గ్రిల్ కూడా ఆయనదే. అందుకే ఖర్చు లెక్కలో గ్రిల్ ధర కలపలేదు. ఇంటి నుంచి తోటకి ట్రామ్‌లో, నడకలో కలిపి 40 నిమిషాలు. ఈ 40 నిమిషాల సంగతి దశ 4లో మళ్ళీ వస్తుంది.

దశ 1: నిప్పు (కొన్న సాసేజ్‌లతో)

సొంతంగా చేసిన సాసేజ్ పగిలితే తప్పు మాంసానిదో నిప్పుదో తేల్చుకోలేం. అందుకని ముందు మాంసం కొట్లో రెండు రకాలు కొన్నాను. ఒకటి పచ్చి ట్యూరింగెన్ రకం: పంది పేగులో నింపినది, పొడవు 15 సెం.మీ. పైన, ఒక్కొక్కటి 110 గ్రాములకు అటూ ఇటూ. రెండోది నూరెంబర్గ్ రకం: సన్నటి గొర్రె పేగు, పొడవు 7–9 సెం.మీ., బరువు 20–25 గ్రాములు. ఈ రెండు పేర్లకూ 2003 నుంచి యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు రక్షణ ఉంది. అందువల్ల కొలతలు దాదాపు ఎక్కడ కొన్నా ఒకటే, పోల్చి చూడటానికి పనికొస్తాయి.

మొదటి అమరిక: చిమ్నీ (బొగ్గు రాజేసే ఇనుప గొట్టం) నిండా బొగ్గు రాజేసి గ్రిల్ అడుగు మొత్తం పరిచాను. జాలీ ఎత్తులో ప్రోబ్ థర్మామీటర్ పెడితే 290 డిగ్రీలు. (అన్నీ సెల్సియస్‌లోనే.) నూరెంబర్గ్ చిన్నవి అయిదు నిమిషాల్లో చక్కగా వచ్చాయి. ట్యూరింగెన్‌వి మూడో నిమిషానికే నిలువునా చీలాయి. కొవ్వు నిప్పుల మీద పడి మంట లేచింది, పైన మసి. మధ్యలో ప్రోబ్ గుచ్చితే 48 డిగ్రీలే. ఎలాగోలా లోపల ఉడికేదాకా ఉంచి తూచాను. పచ్చిగా 112 గ్రాములున్నది 80 గ్రాములకు దిగింది, అంటే 29 శాతం పోయింది.

రెండో అమరిక: బొగ్గంతా ఒక పక్కకే నెట్టి, పైన బూడిద పూత పట్టేదాకా ఆగాను. నిప్పుల అంచున జాలీ దగ్గర 190. సాసేజ్‌లు అక్కడ పెట్టి నిమిషం, నిమిషంన్నరకోసారి తిప్పుతూ 14 నిమిషాలు కాల్చాను. ఒక్కటీ చీలలేదు. 112 గ్రాములది 91 దగ్గర ఆగింది, తరుగు 19 శాతం. అవే సాసేజ్‌లు, అదే బొగ్గు.

ఇక అప్పటినుంచి నిప్పు పద్ధతి మార్చలేదు:

1. చిమ్నీలో కిలోన్నర బీచ్ చెట్టు కర్ర బొగ్గు. పై వరుసకి కూడా తెల్ల బూడిద పట్టాకే దించాలి.
2. బొగ్గు ఒక సగంలోనే. రెండో సగం ఖాళీ. మంట లేచినప్పుడు సాసేజ్‌లు జరపడానికి ఆ చోటు కావాలి.
3. జాలీ వేడెక్కాక, పొగబెట్టిన పంది కొవ్వు తోలు ముక్కని పట్టకారుతో పట్టి రుద్దాలి. ఇక్కడివాళ్ళ అలవాటు ఇది. సగం కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి రుద్దినా అంటుకోవు.
4. నిప్పుల అంచున 180–200 డిగ్రీల మధ్య పెట్టాలి.
5. ముల్లు ఫోర్కు దగ్గరికి రానివ్వకూడదు. తిప్పడానికి పట్టకారు ఒక్కటే.
6. లోపల 72 డిగ్రీలు రాగానే తీసేయాలి.

72 ఎందుకంటే, పంది ఖీమా విషయంలో జర్మనీ ఆహార ప్రమాద అంచనా సంస్థ చెప్పేది లోపల 70 డిగ్రీలు రెండు నిమిషాలైనా ఉండాలని. 72 దగ్గర తీసి పళ్ళెంలో పెడితే ఆ రెండు నిమిషాలు దాని వేడితోనే గడిచిపోతాయి. థర్మామీటర్‌ని మరుగుతున్న నీళ్ళలో, ఐసు నీళ్ళలో పెట్టి సరిచూసుకున్నాను. నాది ఒక డిగ్రీ ఎక్కువ చూపిస్తుంది. ఇది చూసి అన్నయ్య, "ఏంట్రా, సాసేజ్‌కి జ్వరమొచ్చిందా?" అని వెక్కిరిస్తూనే, కాలిందో లేదో తెలుసుకోవడానికి ఆ తర్వాత నన్నే అడుగుతున్నాడు.

బీరు సంగతి. ఇక్కడ కాలుస్తున్న సాసేజ్ మీద బీరు చిలకరిస్తారు. సగం సాసేజ్‌లకి బీరు, సగానికి మామూలు నీళ్ళు చల్లి, ఏవి ఏవో చెప్పకుండా తినిపించాను. ఎవరూ తేడా పట్టలేకపోయారు. మంట తగ్గడానికి రెండూ పనికొస్తాయి, కానీ నిప్పుల మీద పోస్తే బూడిద లేచి సాసేజ్‌లకి అంటుకుంటుంది. చల్లితే సాసేజ్ మీదే, అదీ కొద్దిగా. మిగతా బీరు ఏం చేయాలో చెప్పక్కర్లేదు.

ఇంకో జాగ్రత్త. విందుకి వచ్చినవాళ్ళలో ఒకరు బోక్‌వుర్స్ట్ అనే ఇంకో రకం సాసేజ్ తెచ్చి గ్రిల్ మీద పెట్టబోయారు. గులాబీ రంగులో ఉండే బోక్‌వుర్స్ట్, వీనర్ లాంటివాటిలో మాంసం రంగుకీ నిల్వకీ వేసే నైట్రైట్ ఉప్పు కలుస్తుంది. అది గట్టి వేడి తగిలితే నైట్రోసమైన్లుగా మారుతుంది, వాటిలో క్యాన్సర్ కారకాలున్నాయి. అవి వేడినీళ్ళలో వెచ్చబెట్టి తినేవి. బ్రాట్‌వుర్స్ట్‌లో ఆ ఉప్పు వేయరు కాబట్టే అది లోపల బూడిద రంగులో, పాలిపోయినట్టు ఉంటుంది. ఆ రంగు చూసి ఉడకలేదనుకుని ఇంకా కాలిస్తే ఎండిపోతుంది.

ఖర్చు: బొగ్గు 3 కిలోలు 6.50, చిమ్నీ 19, ప్రోబ్ థర్మామీటర్ 17, సాసేజ్‌లు 14.50. మొత్తం ఇప్పటికి: 57 యూరోలు.

దశ 2: మాంసం, కొవ్వు, చలి

చేత్తో తిప్పే ఖీమా మిషన్, 4.5 మిల్లీమీటర్ల చిల్లుల బిళ్ళ. మసాలాలకి 0.1 గ్రాము దాకా చూపే చిన్న కాటా. వంటింటి కాటా మీద ఒక గ్రాము జాపత్రి తూచడం కుదరదు, ఈ 11 యూరోలు మిగుల్చుకోకండి.

మొదటి విడత 2 కిలోలు: భుజం మాంసం 1.4 కిలోలు, పొట్ట మాంసం 600 గ్రాములు. కిలోకి ఉప్పు 18 గ్రాములు, మిరియాలు 3, ఎండు మరువం 4, షాజీరా పొడి 1, జాపత్రి 1, వెల్లుల్లి 2. జూలై నెల, వంటింట్లో 27 డిగ్రీలు. ఫ్రిజ్‌లోంచి తీసిన మాంసం 7 డిగ్రీలుంది. ఖీమా అయ్యేసరికి 15, కలిపేసరికి 18. మిషన్‌కే ఉన్న గొట్టంతో పేగుల్లోకి నింపి, దశ 1 నిప్పు మీద పెట్టాను.

పగల్లేదు. అంతవరకే బాగుంది. మెలిపెట్టిన చివర్లనుంచి కొవ్వు ధారగా కారింది, కొరికితే లోపల ఇసుకలా పొడిపొడి. 115 గ్రాములది 84 అయింది, తరుగు 27 శాతం. నిప్పు సరిగ్గానే ఉందని ముందే తేలింది కాబట్టి తప్పు మాంసంలోనే. మరువం కూడా మరీ ఎక్కువై చేదు తగిలింది. మల్లెలతో కలిపి దండ కట్టే ఆ మరువమే ఇది. వాసన ఎంత ఘాటో తెలిసి కూడా 4 గ్రాములు వేయడం అతి.

అనుమానాలు రెండు: కొవ్వు తక్కువ కావడం, లేదా మాంసం వేడెక్కడం. భుజం 70 పాళ్ళు వేస్తే కొవ్వు కంటి అంచనాకి 20 శాతమే. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. అందుకని తర్వాతి 2 కిలోలకి భుజం, పొట్ట సగం సగం తీసుకుని, ఒక కిలో ముందులాగే ఫ్రిజ్‌లోంచి తీసి చేశాను, ఇంకో కిలో బాగా చల్లబరిచి చేశాను. నిప్పు అదే, సమయం అదే.

- మొదటి విడత (కొవ్వు తక్కువ, వెచ్చగా): 115 → 84
- సగం సగం, వెచ్చగా: 115 → 87
- సగం సగం, చల్లగా: 115 → 94

కొవ్వు పెంచితే 3 గ్రాములు నిలిచింది, చలి మరో 7 గ్రాములు నిలిపింది. తింటే అంకెల కంటే ఎక్కువ తేడా తెలిసింది. వెచ్చగా చేసినదాంట్లో ఇంకా ఇసుక, చల్లగా చేసినది కొరికితే రసం.

కారణం ఇది. ఉప్పు తగిలినప్పుడు మాంసంలోంచి జిగురు లాంటి ప్రొటీన్ బయటికొస్తుంది. నీటినీ కొవ్వు రవ్వల్నీ పట్టి ఉంచేది అదే. కొవ్వు వెచ్చబడితే రవ్వగా తెగకుండా వెన్నలా పులుముకుని మాంసాన్ని కప్పేస్తుంది, జిగురు పట్టదు. ఇక గ్రిల్ మీద వేడి తగలగానే కొవ్వు ఒక దారి, నీళ్ళు ఒక దారి. అప్పుడు నిప్పు తగ్గించినా లాభం లేదు.

చల్లగా చేసే పద్ధతి:

1. మాంసాన్ని 3 సెం.మీ. ముక్కలు చేసి, ఉప్పు మసాలాలు పట్టించి, ట్రేలో ఒకే పొరగా పరవాలి.
2. ఫ్రీజర్‌లో 45 నిమిషాలు. అంచులు గట్టిపడి మధ్యలో వేలు దిగేలా ఉండాలి. నాకు 0 నుంచి 1 డిగ్రీ వచ్చింది.
3. మిషన్ ఇనుప భాగాలు, కలిపే గిన్నె కూడా ఫ్రీజర్‌లోకే.
4. ఒక్కసారే ఖీమా కొట్టాలి. బయటికొచ్చేటప్పుడు కొవ్వు తెల్లటి చుక్కలుగా విడిగా కనబడాలి. గులాబీ ముద్దలా వస్తుంటే ఆపి మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టండి.
5. కిలోకి 80 మిల్లీలీటర్ల ఐసు పాలు పోసి చేత్తో గట్టిగా పిసకాలి. చిటికెడు ముద్ద అరచేతికి అంటించి చెయ్యి బోర్లించినా పడకపోతే చాలు.
6. ఎప్పుడైనా 10 డిగ్రీలు దాటితే పని ఆపాలి.

చేతులు మొద్దుబారతాయి. పలుచటి ఉన్ని గ్లవుజుల మీద ప్లాస్టిక్ గ్లవుజులు వేసుకుంటే ఓర్చుకోవచ్చు.

నింపేముందు ఒక చిన్న బిళ్ళ పెనం మీద వేయించి ఉప్పు చూడాలి. పేగులోకి వెళ్ళాక చేసేదేం లేదు. ఇంట్లో కారం చాల్లేదన్నారు. ఎండుమిర్చి వేస్తే అది వేరే సాసేజ్ అవుతుంది, దానికి వేరే డైరీ రాయాలి.

ఖర్చు: ఖీమా మిషన్ 42, కాటా 11, మసాలాలు 8.10, పంది పేగులు 12, బొగ్గు 6.50, మాంసం 15.90 + 16.50. ఈ దశకి 112. మొత్తం ఇప్పటికి: 169 యూరోలు, పంది మాంసం 4 కిలోలు.

దశ 3: పేగు నింపడం

పేగులు ఉప్పులో భద్రపరిచి అమ్ముతారు. కాలిబర్ 28/30 అంటే నిండినప్పుడు అడ్డం 28–30 మిల్లీమీటర్లు. మీటరుకి దాదాపు 600 గ్రాముల మాంసం పడుతుంది. 2 కిలోలకి మూడున్నర మీటర్లు చాలినా నాలుగున్నర నానబెట్టండి, మధ్యలో ఎక్కడో ఒక చిల్లు ఉండి తీరుతుంది. పై ఉప్పు కడిగి, గోరువెచ్చటి నీళ్ళలో అరగంట ఉంచి, తర్వాత కుళాయి మూతికి తొడిగి లోపలనుంచి నీళ్ళు వదలాలి. చిల్లులు అప్పుడే కనబడతాయి.

దశ 2లో చల్లగా చేసిన కిలో కూడా నింపడం పూర్తయ్యేసరికి 13 డిగ్రీలకి చేరింది. ఖీమా మిషన్ గొట్టంతో నింపితే స్క్రూ మాంసాన్ని మళ్ళీ నలుపుతుంది, వేడెక్కిస్తుంది, పైగా గాలి లాగుతుంది. ఆ గాలి బుడగలే గ్రిల్ మీద ఉబ్బి పేగుని చీలుస్తాయి. అందుకే 3 లీటర్ల నింపే మిషన్ కొన్నాను. సిలిండర్‌లో మాంసం, పైనుంచి పళ్ళెం నొక్కుతుంది, అంతే. స్క్రూ లేదు. ఈసారి చివరి సాసేజ్ దగ్గర కూడా 8 డిగ్రీలే. గ్రిల్ తర్వాత 115 → 95. ప్రాజెక్టు మొత్తంలో ఖరీదైన వస్తువు ఇదే. ఇది లేకుండా కుదరదా అంటే కుదురుతుంది, కానీ ఖీమా కొట్టాక మాంసం మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టి తీసి నింపుకోవాలి.

గట్టిగా కుక్కకూడదు. మెలిపెట్టడానికి చోటు లేకపోతే మెలి దగ్గరే తెగుతుంది. నొక్కితే వేలి గుంట పడి మెల్లగా పూడేంత వదులు చాలు. నేను 17–18 సెం.మీ. కోసారి మెలిపెడుతున్నాను. 2 కిలోలకి 18 వస్తాయి.

గాలి బుడగ కనబడితే సన్నటి సూదితో అక్కడ మాత్రం గుచ్చి గాలి తీసేయాలి. గుచ్చకూడదన్నది గ్రిల్ మీద. పచ్చిగా ఉన్నప్పుడు సూది బెజ్జం మూసుకుపోతుంది. తర్వాత మూత లేకుండా ఫ్రిజ్‌లో రెండు గంటలు. పేగు పైన తడి ఆరితే జాలీకి అంటుకోదు, రంగు కూడా సమంగా వస్తుంది. పచ్చివి అదే రోజు కాల్చేయాలి, లేదంటే వెంటనే ఫ్రీజర్‌లో పెట్టాలి.

పేగులకి డబ్బు ఖర్చని గొణుక్కుంటే, ఆ ఖర్చు రాసుకున్నవాళ్ళలో నేను మొదటివాణ్ణేం కాదు. ఎర్ఫుర్ట్ పక్కనే ఉన్న ఆర్న్‌స్టాట్‌లో ఒక సన్యాసినుల మఠం 1404 నాటి లెక్కల్లో బ్రాట్‌వుర్స్ట్ పేగులకి ఒక గ్రోషెన్ (అప్పటి నాణెం) అని పద్దు ఉంది. ట్యూరింగెన్ సాసేజ్‌కి దొరికిన తొలి రాతపూర్వక ఆధారం అదే.

ఖర్చు: నింపే మిషన్ 79, మాంసం 16.50, బొగ్గు 6.50. ఈ దశకి 102. మొత్తం ఇప్పటికి: 271 యూరోలు, పంది మాంసం 6 కిలోలు.

దశ 4: పచ్చివా, ఉడికించినవా

ట్యూరింగెన్‌లో రెండు రకాలూ అమ్ముతారు. నాకు కారణం ఆ 40 నిమిషాల ప్రయాణం. ఐసు ప్యాకులున్న కూల్ బ్యాగ్‌లో 3 డిగ్రీల దగ్గర పెట్టిన పచ్చి సాసేజ్‌లు తోటకి చేరేసరికి 7 అయ్యాయి. ఇంకో గంట కబుర్లలో పడితే టెన్షన్. అందుకని విడతలో సగం ఇంట్లోనే ఉడికించి చూశాను.

నీళ్ళు 75 డిగ్రీల దగ్గర, 25 నిమిషాలు, లోపల 70 వచ్చాక ఇంకో రెండు నిమిషాలు. తర్వాత ఐసు నీళ్ళలో చల్లార్చి తుడిచి ఫ్రిజ్‌లోకి. ఒక గిన్నెలో నీళ్ళు 84కి ఎక్కాయి. ఆ నాలుగింటికీ పేగు కింద కొవ్వు మడుగులు కట్టింది, గ్రిల్ మీద అవి చిమ్మాయి. మూత పెట్టకండి, స్టవ్ దగ్గర్నుంచి కదలకండి.

ఉడికించినవి గ్రిల్ మీద 7 నిమిషాల్లో రంగు తిరిగాయి. 115 → 93. పచ్చివి 14 నిమిషాలు, 115 → 95. తూకంలో తేడా చిన్నదే. ఉడికించినవి కొంచెం గట్టిగా, నున్నగా ఉంటాయి, పచ్చివి గరుగ్గా, రసంగా. నా ఓటు పచ్చివాటికే. కానీ పదిమంది ఆకలితో నిలబడినప్పుడు ఏడు నిమిషాలవే మేలు. నలుగురమే ఉంటే పచ్చివి తీసుకెళ్తున్నాం.

ఖర్చు: మాంసం 16.50, బొగ్గు దశ 3లో మిగిలినదే. మొత్తం ఇప్పటికి: 287.50 యూరోలు, పంది మాంసం 8 కిలోలు.

దశ 5: చికెన్

తోటకి వచ్చే మనవాళ్ళలో పంది తిననివాళ్ళు ఎక్కువ. ఎముక తీసిన తొడ మాంసం ఒక కిలో, చర్మంతో సహా. రొమ్ము మాంసం వాడకండి, సాసేజ్‌కి కావలసిన కొవ్వు అందులో లేదు. పంది పేగు బదులు గొర్రె పేగు, కాలిబర్ 20/22. మసాలాలు అవే, షాజీరా మాత్రం రెట్టింపు. చల్లబరిచే పద్ధతి అదే, ఇంకా కఠినంగా, ఎందుకంటే కోడి కొవ్వు త్వరగా మెత్తబడుతుంది. మిషన్ ముందు చికెన్‌కి వాడి తర్వాతే పందికి వాడాలి, లేకపోతే వేరే మిషన్. జాలీ కూడా వేరు, కొవ్వు తోలు బదులు ఉల్లిపాయ.

సన్నటివి కాబట్టి 8–9 నిమిషాల్లో లోపల 75కి వచ్చాయి. రుచి బాగుంది, కొరుకు మాత్రం మెత్తన. చర్మాన్ని విడిగా గడ్డకట్టించి ఇంకా సన్నగా కొడితే బాగుపడుతుందేమో, వచ్చే విడతలో చూడాలి.

ఖర్చు: చికెన్ 9.50, గొర్రె పేగు 14, బొగ్గు 6.50. మొత్తం ఇప్పటికి: 317.50 యూరోలు.

ఇప్పుడు వాడుతున్న కొలతలు (ఒక కిలోకి)

భుజం 500 గ్రాములు, పొట్ట 500, ఉప్పు 18, మిరియాలు 3, మరువం 1.5, షాజీరా పొడి 1, జాపత్రి 0.8, వెల్లుల్లి 2, ఐసు పాలు 80 మిల్లీలీటర్లు. తినేటప్పుడు బ్రెడ్డు బన్ను పైన కోత పెట్టి, రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చేలా సాసేజ్ ఇరికించి, మీద ఆవపిండి ముద్ద. మేము ఎర్ఫుర్ట్‌లోనే పుట్టిన బోర్న్ కంపెనీ మీడియం ఘాటుది వాడుతున్నాం. కెచప్ అడిగితే ఇక్కడివాళ్ళు ఏమీ అనరు గానీ చూపు మారుతుంది.

గిట్టుబాటు లెక్క అడిగేవాళ్ళకి: ఒక్కో సాసేజ్‌కి మాంసం, పేగు, మసాలాలు కలిపి దాదాపు 1.15 యూరోలు పడుతోంది. మాంసం కొట్లో పచ్చిది 1.30. సామాన్లకే 168 యూరోలు పెట్టాను. సాసేజ్‌కి 15 సెంట్ల చొప్పున ఆ డబ్బు తిరిగి రావాలంటే 1,120 సాసేజ్‌లు చేయాలి, బొగ్గు ఖర్చు పక్కన పెట్టి. ఇప్పటికి చేసినవి పందివి 72, చికెన్‌వి ఒక కిలో.